సెల్‌ఫోను – దూతధర్మము



 వాడుక ప్రకారము నేడు మేము భాగవతములోని ఒక ఘట్టమును చెప్పవలసియున్నది. కాని ట్రస్టు పెద్దలు కొందరు, భక్తులు కొందరు వచ్చి, మనమందరము చేతిలో పట్టుకొని తిరుగుచున్న సెల్‌ఫోనును గూర్చి, అందులోని వాట్సాప్, ఫేస్‌బుక్ మొదలగువానిలో మనము నడచుకొనుచున్న తీరును గూర్చి నాలుగు మాటలు చెప్పమని కోరినారు. దేవాలయ మండపములో సెల్‌ఫోను ఉపన్యాసమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. అదిగో, ఈ మాట అనుచుండగానే ఆ స్తంభము ప్రక్కన ఒకటి మ్రోగినది. ఫరవాలేదమ్మా, నిదానముగా ఆపండి.

దానిని వాడవద్దని చెప్పుటకు మేము రాలేదు. మేమును వాడుచున్నాము. ఈ సభకు మిమ్ములను పిలిచినది కూడ దానిచేతనే. దానితో మనము ఎవరి మాటను ఎవరికి చేరవేయుచున్నాము, అందు మర్యాద ఎంత, బాధ్యత ఎంత అన్నదే నేటి విషయము. మొదట మా తప్పు చెప్పుకొని, ఆ తరువాత లోకము సంగతికి వచ్చెదము.

మన నిత్యాన్నదానమునకు ప్రతి శనివారము ఒక విశ్రాంత ఉపాధ్యాయులు వచ్చుచుండెడివారు. భార్య గతించినది. కుమారుడు అమెరికాలో ఉద్యోగము. వంట చేసికొనలేక కాదు, పదిమందితో కలిసి స్వామి ప్రసాదము తినవలెనని వచ్చెడివారు. భోజనము కాగానే తన విస్తరి తానే తీసి, కాసేపు జపము చేసికొని, ఎవరితోను ఎక్కువ మాట్లాడక వెళ్ళెడివారు. ఒక శనివారము ఒక దాత తమ తల్లిగారి సంవత్సరీకమునకు అన్నదానము చేయించినారు. మేము ఉత్సాహముకొలది పంక్తి అంతటిని ఫోటోలు తీయించి, "నిరుపేదలకు అన్నదానము" అని శీర్షిక పెట్టి, ఫేస్‌బుక్‌లోను, ఉన్న గ్రూపులన్నిటిలోను పెట్టినాము. చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చి పడుచుండగా మాకు సంతోషము కలిగినది. ఆ ఫోటోలో మొదటి వరుసలో, విస్తరి మీదికి వంగి, ముద్ద నోటి దగ్గర పెట్టుకొన్నది ఆ మాస్టారుగారే.

మరునాటి ఉదయము కుమారుడు ఫోను చేసినాడు. అతడు కోపముగా మాట్లాడలేదు. మాట్లాడియుంటే మాకు కొంత తేలికగా ఉండెడిది. "మా నాన్నగారు నిరుపేద అని మీకు ఎవరు చెప్పినారండీ? ఇక్కడ మా ఊరివారందరును ఫోటో చూచి, తండ్రికి డబ్బు పంపుటలేదా అని నన్ను అడుగుచున్నారు. నా మాట సరే, ఆయనకు ఎవరో చూపించినారట. రాత్రి భోజనము చేయలేదు" అన్నాడు. ఫోటోను వెంటనే తొలగించినాము. కాని మా దగ్గర తొలగినంత మాత్రమున లోకములో తొలగునా? అప్పటికే అది ఎన్ని ఫోనులలోనికి పోయినదో లెక్క లేదు. ఆ పై శనివారము మాస్టారుగారు రాలేదు. ఆ తరువాతి శనివారమును రాలేదు.

ఆలోచింపగా ఆలోచింపగా మాకు తెలిసినది ఒకటే. ఆయన మా ఎదుట నిలబడి ఉండగా, మైకు పట్టుకొని, "ఇదిగో ఈ నిరుపేదకు అన్నము పెట్టుచున్నాము" అని మేము అనియుండెడివారమా? నాలుక తిరుగదు. అదే మాటను ఫోనులో, వందలమంది ఎదుట, వ్రేలితో వ్రాయగలిగినాము. ఎందుచేతననగా, మనిషి ఎదుట లేడు; గాజుపలక ఒక్కటే ఉన్నది. గాజుపలకకు నొప్పి లేదు గనుక మనిషికిని ఉండదని అనుకొన్నాము. మన పెద్దలు గుప్తదానము అన్న మాటను ఊరకే పెట్టలేదు. అందులో దాత పేరు దాచుట ఎంత ఉన్నదో, పుచ్చుకొన్నవాని ముఖమును దాచుట అంతకన్న ఎక్కువ ఉన్నది. పంక్తిలో కూర్చున్నవాడు అతిథి. అతిథి ముద్ద నోట పెట్టుకొనుచున్నప్పుడు రెప్పవేయక చూచుటయే మన ఇండ్లలో మర్యాద కాదు, ఫోటో తీసి ఊరూరికి పంపుట మర్యాద ఎట్లగును?

ఇక అసలు మాటకు వచ్చెదము. ఫోనులో సందేశము పంపువాడు, వచ్చినదానిని మరియొకరికి చేరవేయువాడు, ఇద్దరును దూతలే. దూత అనగానే మనకు గుర్తుకు వచ్చువాడు ఆంజనేయస్వామి. శ్రీమద్రామాయణము కిష్కింధాకాండములో, సుగ్రీవుని పంపున భిక్షురూపమున వచ్చిన హనుమంతుని మాట విని, రామచంద్రమూర్తి లక్ష్మణునితో దానిని ఎంతగా మెచ్చుకొన్నాడో మీరెరుగుదురు. మాటను పెంచలేదు, సందేహము మిగల్చలేదు, తొందరపడలేదు, సాగదీయలేదు, స్వరము మరీ హెచ్చుగాను మరీ తగ్గుగాను లేదు. అంతేకాదు, ముఖమునగాని, కన్నులలోగాని, నుదుటగాని, కనుబొమలలోగాని ఏ దోషమును కనబడలేదని రాముడు గమనించినాడు.

ఈ చివరిమాట మనము ఆగి వినదగినది. మాటకు తోడుగా ముఖము ఉన్నది, కన్నులున్నవి, కనుబొమలున్నవి. మన వాట్సాప్ మాటకు ఇవేమియు లేవు. "సరే" అన్న రెండక్షరములను తీసికొనండి. అత్తగారు నవ్వుచు అంటే ఒక అర్థము, విసుగుతో అంటే ఒక అర్థము, నిట్టూర్చి అంటే మరియొక అర్థము. ఫోనులో "సరే" అని వచ్చినప్పుడు కోడలు ఏ అర్థము తీసికొనవలెను? ఆమె మనస్సు ఆనాడు ఎట్లున్నదో అట్లు తీసికొనును. రాత్రి అంతయు ఆ రెండక్షరములను పెట్టుకొని ఏడ్చినవారిని మేమెరుగుదుము. కనుక ముఖము లేని మాటకు మరికొన్ని మాటల తోడు అవసరము. "సరేనమ్మా, అట్లే చేయండి" అనుటకు ఎంతసేపు పట్టును?

సుందరకాండములో ఇంకను సూక్ష్మము ఉన్నది. స్వామి శింశుపావృక్షముపై కూర్చుండి, క్రింద సీతమ్మను చూచినాడు. చెప్పవలసినది సత్యము, శుభవార్త. ఐనను వెంటనే నోరు తెరువలేదు. ఏ భాషలో మాట్లాడవలెను? పండితునివలె సంస్కృతములో మాట్లాడితే, రావణుడే మారురూపమున వచ్చినాడని తల్లి భయపడునేమో అని ఆలోచించినాడు. భయపడి ఆమె కేకవేస్తే రాక్షసులు వచ్చెదరు, కార్యము చెడును అని ఆలోచించినాడు. ఆ తరువాతనే, మెల్లగా, తియ్యగా, రామకథతో ఆరంభించినాడు. మాట సత్యమైనంత మాత్రమున చాలదు, వినువారు ఏ స్థితిలో ఉన్నారో చూడవలెను అన్నది అందలి ధర్మము. ఆ చెట్టుకొమ్మపై స్వామి ఆగిన ఆ కొద్ది సమయమే, మన ఫోనులో "పంపు" అన్న బాణపు గుర్తును నొక్కుటకు ముందు మనకు కావలసినది.

తిరిగి వచ్చినప్పుడు చూడండి. మహేంద్రగిరిపై వానరులు ప్రాణములు ఉగ్గబట్టుకొని ఎదురుచూచుచున్నారు. స్వామి మొట్టమొదట, క్లుప్తముగా, సీతమ్మను చూచితినన్న మాట చెప్పినాడు. సముద్రలంఘనము, సురస, లంకాదహనము అన్నియు తరువాత. మనము చేయునదేమి? "అమ్మకు ఒంట్లో బాగుండలేదు, వెంటనే ఫోను చేయండి" అని దూరదేశమున ఉన్న తమ్మునికి అర్ధరాత్రి సందేశము పంపి, ఫోనును చార్జింగుకు పెట్టి వంటింటిలోనికి పోవుదురు. అక్కడ వానికి కాళ్ళుచేతులు ఆడవు. "అమ్మకు జ్వరము, ఆసుపత్రిలో చూపించినాము, ప్రమాదము లేదు, తీరిక చూచుకొని మాట్లాడు" అని వ్రాస్తే అందరికిని నిద్ర పట్టును.

దూత తాను ఎరుగని మాటను మోయరాదు. ఇది అన్నిటికన్న పెద్ద నియమము. పూర్వము మీలో పెద్దవారికి పోస్టుకార్డులు వచ్చెడివి. ఫలానా క్షేత్రములో సర్పము కనబడి మాట్లాడినదనియు, ఈ విషయమును ఇన్ని కార్డులు వ్రాసి పంపినవారికి ధనలాభమనియు, చించినవారికి కీడనియు ఉండెడిది. భయపడి, ఇంటిల్లిపాది కూర్చుండి వ్రాసెడివారము. కార్డుకు డబ్బు ఖర్చు, చేతికి నొప్పి గనుక అది కొంత దూరమే పోయెడిది. ఇప్పుడు ఖర్చు లేదు, నొప్పి లేదు. పదకొండు గ్రూపులకు పంపుమనిన సందేశము పంపనివారిని శిక్షించునంతటి తీరిక భగవంతునికి ఉన్నదని అనుకొనుట ఆయనను అవమానించుటయే. (నిత్యము ఉదయము పంపుకొను దేవుని బొమ్మల మాట ఇంతకన్న చిత్రము. నలుబది బొమ్మలు వచ్చును. సాయంత్రమునకు ఫోను నిండినదని అన్నిటిని ఒక్క వ్రేటున తుడిచివేయుదుము. ఇంట పటము పగిలితే ఏ చెట్టు మొదట పెట్టవలెనని వెదకెడి మనము!)

కాని ఎరుగని మాటను మోయుట ఎల్లప్పుడును నవ్వుకొని విడువదగినది కాదు. 2018 సంవత్సరములో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవన్న వదంతి మన దేశములో రాష్ట్రము నుండి రాష్ట్రమునకు వాట్సాప్‌లో ప్రాకినది. ఆ సంవత్సరము జూలై 1వ తేదీ ఆదివారమునాడు, మహారాష్ట్రములోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమునకు సంతరోజున అయిదుగురు మనుష్యులు వచ్చినారు. వారు షోలాపూరు జిల్లా నుండి బయలుదేరిన నాథపంథీ దవ్రీ గోసావీలు. అనగా ఇల్లిల్లు తిరిగి భిక్ష అడుగుకొని జీవించు సంచారులు. పిల్లలను ఎత్తుకొనిపోవువారు వీరేయని జనము మూగి, పంచాయతీ కార్యాలయపు గదిలో వారిని అయిదుగురిని కొట్టి చంపినారు. భిక్షకు వచ్చినవానికి పిడికెడు బియ్యము వేయుట మన ధర్మము. ఆ భిక్షువులకు ఆనాడు లభించినది ఇది. వారిని కొట్టినవారు కొందరే. కాని ఆ వదంతిని నమ్మించినది, "మంచికే గదా, జాగ్రత్తపడుదురు గదా" అని ముందుకు పంపిన వేలాది వ్రేళ్ళు. ఆ వ్రేళ్ళకు రక్తము అంటలేదు, వారిపై కేసు లేదు. బహుశః వారిలో మన ఊరివారును ఉండవచ్చును. ఆ యేడు మన తెలంగాణములోను, ఆంధ్రములోను ఇవే వదంతులు తిరిగినవి, ప్రాణములు పోయినవి.

ఆ రోజులలో విరివిగా తిరిగిన వీడియోలలో ఒకదానిని మీలో చాలమంది చూచియుందురు. మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దరు, ఆడుకొనుచున్న బాలుని ఎత్తుకొనిపోవుదురు. అది పాకిస్తానులోని కరాచీలో, తల్లిదండ్రులను హెచ్చరించుటకై తీసిన ప్రచారచిత్రము. చివరన ఆ మనుష్యులు బాలుని తిరిగి తెచ్చి దించి, హెచ్చరిక వ్రాసిన ఫలకమును చూపుదురు. ఆ చివరి భాగమును ఎవరో కత్తిరించినారు. మిగిలినది చూచినవారికి అది నిజముగా జరిగిన ఘోరము. కత్తిరించిన సత్యము ఎంత పని చేయునో మనకు ద్రోణపర్వము ఏనాడో చెప్పియున్నది. ధర్మరాజు ఏనుగు అన్న మాటను మెల్లగా పలికినాడు, అంతే. అంతవరకు నేలకు నాలుగు అంగుళముల ఎత్తున నడచిన ఆయన రథము నేలను తాకినది. ఆయన అబద్ధమాడలేదని వాదించువారు ఉన్నారు. రథము ఆ వాదమును వినలేదు.

అదే 2018లో మన జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా ఉండిన శ్రీమతి రెమా రాజేశ్వరిగారు చేసిన పని తలచుకొనదగినది. ఆమె పోలీసులను గ్రామములకు పంపి ప్రజలతో మాట్లాడించినారు. జానపద కళాకారులచేత డప్పు వాయించి, పాటలు పాడించి, వచ్చిన ప్రతి సందేశమును నమ్మవద్దని పల్లెపల్లెకు చెప్పించినారు. ఆ జిల్లాలో అట్టి మరణము జరుగలేదని పత్రికలు వ్రాసినవి. వాట్సాప్ సంస్థ కూడ ఆ జూలైలోనే, చేతులు మారి వచ్చిన సందేశమునకు ఫార్వర్డ్ అన్న గుర్తు పెట్టుట మొదలుపెట్టి, మన దేశములో ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపరాదని హద్దు పెట్టినది. 2020 ఏప్రిల్‌లో, ఇదివరకే పెక్కుసార్లు చేతులు మారినదానిని ఒకసారి ఒక్కచోటికే పంపగలుగునట్లు చేసినది. యంత్రము తనకు చేతనైన హద్దును పెట్టినది. కొందరు భక్తులు, "అసభ్యముగా వ్రాయువారిని పట్టుకొనుటకు చట్టము లేదా?" అని మమ్ము అడిగినారు. బెదిరింపునకు, పరువునష్టమునకు, మోసమునకు చట్టములున్నవి. కాని చికాకు కలిగించుట వంటి మాటలతో ఉండిన 66ఎ సెక్షను అస్పష్టముగా ఉన్నదని, వాక్స్వాతంత్ర్యమునకు భంగమని, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినది. కావున ఎదుటివారికి చికాకు కలిగించకుండుట అన్నది కోర్టు చూచుకొను పని కాదు, మన పని. గీత పదునేడవ అధ్యాయములో భగవానుడు దీనిని వాఙ్మయ తపస్సు అన్నాడు. ఉద్వేగము పుట్టించనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అగు వాక్కు. నాలుగును కలిసి ఉండవలెను. తపస్సు అనుటలోనే, అది తేలికకాదని ఆయనకు తెలుసునని తెలియుచున్నది.

కోపము మాట ఒకటి. మహాభారతము అరణ్యపర్వములో కౌశికుని కథ మీకు క్రొత్తది కాదు. చెట్టుక్రింద వేదము వల్లించుచుండగా పైనుండి కొంగ రెట్ట వేసినది. కోపముతో చూచినాడు, అది చచ్చి పడినది. తరువాత పశ్చాత్తాపపడినాడు. భిక్షకై ఒక ఇంటికి వెళ్ళినాడు. ఆ ఇల్లాలు ఉండుమని చెప్పి, అప్పుడే వచ్చిన భర్తకు సేవ చేయుచు ఆలస్యము చేసినది. కౌశికుడు మండిపడగా, నేను కొంగను కానని ఆమె అన్నది. ఈనాడు ఆ ఇల్లాలి ఇంటి వాకిలి మన ఫోనులోనే ఉన్నది. రెండు టిక్కులు నీలిరంగునకు మారినవి, చూచినది, ఐనను జవాబు ఇయ్యలేదు, నన్ను లెక్కచేయలేదు అని మండిపడుచున్నాము. ఆమె చేతిలో పిల్లవాడు ఉండవచ్చును, పొయ్యిమీద పాలు పొంగుచుండవచ్చును, ఆఫీసులో అధికారి ఎదుట నిలబడి ఉండవచ్చును. చూచినవెంటనే జవాబు చెప్పవలెనన్న ధర్మము ఎక్కడను లేదు. కొంగ చచ్చిన తరువాత కౌశికుడు ఎంత వగచినను అది లేవలేదు. కోపములో పంపిన మాటను ఇప్పుడు తుడిచివేయవచ్చును గాని, తుడిచివేసినట్లు అక్కడ గుర్తు మిగులును. ఏమి తిట్టియుందురో అని చదువనివారు కూడ ఊహించుకొందురు.

ఆ ఇల్లాలు కౌశికుని మిథిలకు, ధర్మవ్యాధుని దగ్గరకు పంపినది. మాంసము అమ్ముకొను ఆ మనిషి తన వృత్తిని నియమముతో నడుపుకొనుచున్నవాడు. వృత్తిలో ఉన్నవారు ఫోనును ఎట్లు వాడవలెనన్న మాట ఇక్కడ వచ్చును. మన భక్తులలో నర్సులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, ఉపాధ్యాయులున్నారు. పనిలో ఉండి తెలిసికొన్నది పనికి సంబంధించినది, మన సొత్తు కాదు. రోగి పడకప్రక్కన ఫోటో, తప్పిన విద్యార్థి మార్కులకాగితము, ఒకరి ఖాతా సంగతి – ఇవి గ్రూపులో పెట్టుటకు కావు. అర్చకస్వాములకు కూడ ఒక విన్నపము. పీఠము, ఆలయము పేరున ఉన్న ఖాతాలో సొంత అభిప్రాయములు, ఎన్నికల వ్యాఖ్యలు వ్రాయరాదు. అక్కడ మాట్లాడునది మీరు కాదు, ఆలయము.

ఇందులోను మా తప్పు ఉన్నది. క్రిందటి కల్యాణోత్సవమునకు పేర్లు ఇచ్చినవారి జాబితాను, గోత్రము, నక్షత్రము, ఫోను నంబరు, చెల్లించిన సొమ్ముతో సహా గ్రూపులో పెట్టినాము. పదిరోజులలో ఒక వృద్ధురాలికి ఎవరో ఫోను చేసి, గోత్రనామములు చెప్పి, ప్రసాదము కొరియరులో పంపుచున్నాము, ఈ లింకు నొక్కి అయిదు రూపాయలు కట్టమన్నారు. గోత్రము చెప్పినారు గదా అని ఆమె నమ్మినది. ఖాతాలోని సొమ్ము పోయినది. మా జాబితా నుండియే ఆమె నంబరు పోయినదని రుజువు లేదు. పోలేదని చెప్పుటకు మాకు నోరు రాదు. అట్టిది జరిగినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేస్తే సొమ్మును ఆపుటకు అంత వీలు. మన ట్రస్టు ఏనాడును లింకు పంపి సొమ్ము అడుగదు.

చిన్న మర్యాదలు మీకు తెలిసినవే. ఒకరు పోయిన వార్త క్రింద బొటనవ్రేలి గుర్తు పెట్టకండి. ఆ వార్త వచ్చిన పూట పుట్టినరోజు కేకు బొమ్మలను కాస్త ఆపండి. అర్ధరాత్రి గ్రూపులో మాట్లాడకండి. గర్భాలయము వైపు ఫోను ఎత్తకండి. 2023 జూలైలో కేదారనాథ ఆలయములో ఫోటోలు, వీడియోలు నిషేధింపవలసివచ్చినదంటే అది మనబోటి యాత్రికుల పుణ్యమే.

వచ్చే పౌర్ణమి నుండి మన అన్నదానపు ఫోటోలలో వంటపాత్రలు, వడ్డించువారి చేతులు తప్ప తినువారి ముఖములు ఉండవు. సేవల జాబితా ఆలయ కార్యాలయములో మాత్రమే చూచుకొనవచ్చును. గ్రూపులో వచ్చిన వార్త నిజమో కాదో తెలియనప్పుడు, "మీకు ఇది ఎట్లు తెలిసినది?" అని మా అడ్మినులు అడుగుదురు. అవమానముగా భావింపవద్దు.

మాస్టారుగారి ఇంటికి మేమిద్దరము ట్రస్టీలము మొన్న శనివారము వెళ్ళినాము. క్షమించమని అడిగినాము. ఆయన ఏమియు అనలేదు. కుర్చీలు వేసినారు, మంచినీళ్ళు ఇచ్చినారు. తెచ్చిన పులిహోర, దద్ధ్యోజనము కళ్ళకద్దుకొని తీసికొన్నారు. గుమ్మము దాక వచ్చి, "శనివారాలు జనము బాగా వచ్చుచున్నారా?" అని అడిగినారు. మీరు లేనిదే వెలితిగా ఉన్నదని చెప్పినాము. ఆయన ఇంకను రాలేదు. మొదటి వరుసలో ఆయన కూర్చుండెడి చోట ఒక విస్తరి వేయుచున్నాము.

హారతి వేళ అయినది. లేవండి.